మేళం లేని మనువు

తుంగభద్రకు అవతలి ఒడ్డు ఇంగ్లీషోళ్ల రాజ్యం, ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం. ఎండకాలంల నడుమ ఉండేది మోకాటి లోతు నీళ్లే. బర్రెలు పొద్దుగాల ఈ రాజ్యంల మేసి, పగటీలి ఆ రాజ్యంల పొర్లాడి, పొద్దూకెవరకు ఇంటికొస్తయి. వాటినెవరు అడగరు. మనిషి దాటితేనే తంటా. బాలనాగమ్మ ఆ నీళ్లు దాటొచ్చి ఆరేండ్లాయె. రాజోలి పక్కూర్ల కాపురం జేసింది, చుట్టుపక్కల నాలుగూర్లల పురుళ్లు వోసింది. ఊరోళ్లు ఆమెను ఎన్నడో మనదే అనుకున్నరు. సర్కారుకే ఆ ముచ్చట ఇంక తెల్వదు.

సర్కారుతోని ఆమెకేం పని అంటరా? చెప్త, జర ఆగుండ్రి.

యుద్ధం మొదలైన రెండో ఏడు రాజోలిల సర్కారు దవాఖాన తెరుస్తమన్నరు. దానికొక మంత్రసాని గావాలె. బాలనాగమ్మ ఇటు రాకముందు అవతలి ఒడ్డున మిషను దవాఖానల నాలుగేండ్లు పనిజేసింది. కత్తెర ఎట్ల కాగవెట్టాలె, కడుపుల అడ్డం దిరిగిన పిల్లను ఎట్ల సవరదియ్యాలె, అన్నీ దొరసాని దగ్గర నేర్చుకున్నది. కొత్త డాక్టరు వచ్చి ఆమె పని చూసి, "నాకు ఈమెనే గావాలె" అన్నడు. గని నౌకరీలు ముల్కీలకే, అంటే ఈ రాజ్యపోళ్లకే. అవతలోళ్లకు ఇయ్యరు. ఒక్క సందు ఉన్నది: మొగుడు ముల్కి అయితే పెండ్లాం గూడ ముల్కియే. ఆ లగ్గం నిజమైందని గద్వాల కచేరిల తహసీల్దారు ముందట రుజువు జెయ్యాలె. అప్పుడు ముల్కి కాయితం ఇస్తరు.

లగ్గంల నిజమైందేంది, దొంగదేంది అని అడుగుతరు మీరు. ఉన్నయి నాయనా, ఉన్నయి! నౌకరి కోసం ఉత్తుత్త పుస్తె గట్టిచ్చుకునుడు, కాయితం చేతికి రాంగనే ఎవరి తొవ్వ వాళ్లు వట్టుడు. ఆ ఏడే గట్లాంటి జంటలను రెంటిని వట్టుకున్నరట. అందుకే తహసీల్దారు మొగున్ని ఒకపారి, పెండ్లాన్ని ఒకపారి లోపటికి పిలిచి, వకీలు లెక్క గుచ్చి గుచ్చి అడుగుతుండె.

బాలనాగమ్మకు ఆ నౌకరి సోకుకు గాదు. మొగుడు కురుమూర్తికి ఉన్నది మూడెకరాల చెల్క. జొన్న కోతలైనంక ప్రతి ఏడు మట్టిపనికి పోవాలె. యాడ కాలువ తవ్వుతున్నరంటే ఆడికి, యాడ కట్ట వోస్తున్నరంటే ఆడికి. పోయినేడు గడ్డపార ఎడమ కాలు మీద వడ్డది. చీమువట్టి, గుమ్మడికాయంత వాచి, మూడు నెలలు మంచంల ఉన్నడు. మల్ల బురదల నిలవడి పనిజేస్తే ఆ కాలు కోసెయ్యాలె అని డాక్టరు చెప్పిండు. కురుమూర్తి నవ్విండు. "ఒంటికాలుతోని గూడ తవ్వొచ్చు లే" అన్నడు. బాలనాగమ్మకు నవ్వు రాలే. ఆమె పాణమంత ఆ కాలు మీదనే ఉన్నది. నౌకరి వస్తే ఆయన ఇంటిపట్టున ఉంటడు. రాకపోతే కోతలు అయిపోంగనే పార భుజానేసుకొని పోతడు. గంతే లెక్క.

లగ్గం నిజమే గద, పోయి చెప్పొస్తే అయిపాయె గద! ఆడ్నే ఉన్నది మెలిక.

బాలనాగమ్మకు తొమ్మిదేండ్లప్పుడు ఒక పెండ్లి అయింది. ఆ పిలగాని మొకం గూడ ఆమెకు సరిగ్గ యాదికి లేదు. కాపురానికి పోకముందే వాడు పాము గరిచి సచ్చిపోయిండు. మల్ల ఆమెకు ఇరవై రెండేండ్లున్నప్పుడు, మట్టిపనిల జరమొచ్చి మిషను దవాఖానల వడ్డ కురుమూర్తి కండ్లవడ్డది. వాళ్లిద్దరిది పెండ్లి గాదు, మారుమనువు. కర్నాటకం దిక్కోళ్లు ఉడికె అంటరు. వాళ్ల కులంల అది తప్పేం గాదు. గని దానికి మేళముండది, పందిరుండది, బాపనయ్య రాడు, ముత్తైదువులు ఆ గడప దిక్కే రారు. ఊరు సద్దుమణిగినంక కులపెద్ద, మొగుడు లేని ఒక ముసలామె, పిల్ల, పిలగాడు, నలుగురే ఉంటరు. చీర వెట్టి, పుస్తె గట్టిచ్చి, తెల్లారకముందే ఊరు దాటిస్తరు. పొద్దుగాల ఆ జంట మొకం ఎవరు చూడొద్దు. బాలనాగమ్మ గూడ అట్లనే గుండ్రటి పుట్టి పడవ ఎక్కి ఏరు దాటొచ్చింది.

మారుమనువు ఆడిదానికి కాపురముంటది, పిల్లలుంటరు, అన్నముంటది. గని పెండ్లిండ్లల పసుపు దంచనియ్యరు. పెండ్లిపిల్లకు బొట్టు వెట్టనియ్యరు. హారతి వట్టేటప్పుడు జర ఎనకకు జరుగమ్మా అంటరు. మెల్లగనే అంటరు, మర్యాదగనే అంటరు. అయితేంది, అనుడు అనుడే.

పుట్టి దిగి ఇసుకల నడుస్తున్నప్పుడు కురుమూర్తి అన్నడు, "బాలనాగూ, మా ఊర్ల ఈ ముచ్చట ఎవరికి తెల్వదు. నీకిది తొలి పెండ్లే. అవతల మేళంతోని అయింది. నేను గట్లనే చెప్త. నిన్ను ఎవరు ఎనకకు జరగమనొద్దు." చెప్పిండు గూడ. ఊరంత నమ్మింది. ఆయన అబద్ధాలకోరు గాదు. పుట్టి బుద్ధెరిగి ఆడింది గదొక్కటే. ఆ ఒక్కదాని మీదనే ఆరేండ్లు బాలనాగమ్మ ముత్తైదువుల వరుసల ముందట కూసున్నది. అందుకే ఆయనంటే ఆమెకు పాణం. రోలు ముందట కూసున్నప్పుడల్ల గుండె దడదడ గొట్టుకునేది, అది వేరే ముచ్చట.

కచేరికి ఇటుదిక్కు ఒక సాక్షి, అటుదిక్కు ఒక సాక్షి రావాలన్నరు. ఇటుదిక్కు ఊరి పటేలు చిన్నయ్య. నాలుగొద్దులైతే ఆయన బిడ్డ పెండ్లి పనులు మొదలైతయి. పసుపు దంచనీకి పిలిచిన అయిదుగురు ముత్తైదువులల్ల తొలి పేరు బాలనాగమ్మదే. పటేలు పెండ్లాం లక్ష్మీదేవమ్మ సొంతంగ వచ్చి బొట్టువెట్టి చెప్పిపోయింది. అటుదిక్కు సాక్షి కులపెద్ద మద్దిలేటి, ఆ మనువు చేసిన మనిషే.

"ఉన్నదున్నట్టు చెప్తే పోదా?" అన్నది బాలనాగమ్మ, పోయే ముందటి దినం.

"పటేలు పక్కనే నిలవడుంటడు. బుద్ధున్నదా నీకు?"

"మల్ల ఏం చెప్దాం?"

"మేళమున్నది, పందిరున్నది, బాపనయ్య వచ్చిండు. గీ మూడే. ఇంకో మాట మాట్లాడొద్దు. నీ నోరసలే ఊకోదు."

"నాదా ఊకోనిది?" అన్నది బాలనాగమ్మ. ఆ మూడు మాటలను ఇద్దరు బడిపిల్లల లెక్క పదిమార్లు ఒప్పజెప్పుకున్నరు. గని మద్దిలేటికి చెప్పుడు మరిచిన్రు. మరిచినరంటే మరువలే. వాళ్లిద్దరు మొగుడుపెండ్లాలేనా అని అడుగుతరు, అవునంటడు, అయిపోతది అనుకున్నరు. ముసలాయనకు కబురంపేటప్పుడు, "వచ్చి సాక్షి చెప్పు పెద్దయ్యా" అన్నరు తప్ప, మేళం ముచ్చట ఎత్తలే. కులం ముచ్చట్లల అబద్ధం జెప్పమని కులపెద్దను అడగనీకి నోరెట్లొస్తది?

పటేలుతోని కలిసి ఎడ్లబండిల టేషను దాక, ఆడికెల్లి రైలుల గద్వాలకు పోయిన్రు. మద్దిలేటి ముందే వచ్చి కచేరి అరుగు మీద కట్టె ఆనించుకొని కూసున్నడు. బాలనాగమ్మను చూసి, "బాగున్నవా బిడ్డా" అన్నడు. ఇంకో మాట మాట్లాడకముందే చప్రాసి వచ్చి ముసలాయన్ను లోపటికి తీస్కపోయిండు.

ఆయన బైటికొచ్చినంక కురుమూర్తిని పిలిచిన్రు. బాలనాగమ్మ అరుగు మీదనే కూసున్నది. లోపట ఏమంటున్నరో ఇనవడలే గని, కాయితాలు రాసే పేష్కారు నవ్వు ఒకపారి ఇనవడ్డది. జరసేపటికి మల్ల ఇనవడ్డది, ఈపారి ఇంక పెద్దగ. మూడు మాటలల్ల నవ్వెటందుకు ఏమున్నదో ఆమెకు సమజ్ గాలే. మద్దిలేటి దిక్కు తిరిగి, "నిన్నేం అడిగిన్రు పెద్దయ్యా?" అన్నది. "అడిగింది చెప్పిన" అన్నడు ఆయన. అని తలకాయ పక్కకు తిప్పుకున్నడు.

ఆకరికి అందరిని కలిపి పిలిచిన్రు. తహసీల్దారు నడీడు మనిషి, తురుక సాబ్, సన్నటి మొకం, చూడనీకి మంచిగనే ఉన్నడు. తెలుగు తెలుసు గని మాట్లాడుడు జర తక్కువ. పక్కన మేజా కాడ పేష్కారు అనంతయ్య, ముక్కు మీద అద్దాలు, చేతిల కలం. కురుమూర్తి గోడకు నిలవడి నేల చూస్తుండు. పటేలు చిన్నయ్య రుమాలు సదురుకొని తలుపు కాడ నిలవడ్డడు, మద్దిలేటి ఆయన పక్కన.

"మీ ఇంటి వాకిలి ఎటు?" అని అడిగిండు సాబ్.

"తూర్పుకు, సర్కార్."

"గొడ్లు?"

"ఒక ఎద్దు, ఒక బర్రె."

అనంతయ్య కాయితం చూసి, "నీ మొగుడు రెండెద్దులన్నడు" అన్నడు.

"ఒకటి పోయిన నెల సచ్చింది దొరా. ఈయనే దాన్ని బొందవెట్టిండు. ఎవరడిగినా ఇంక రెండనే చెప్తడు."

సాబ్ మూతి జర వంకరవోయింది, నవ్వు ఆపుకున్నట్టు. "మొగుని ఒంటి మీద గుర్తు?"

బాలనాగమ్మ ఎడమ కాలి గాయం ఎంత పొడుగో, ఎన్ని కుట్లు వడ్డయో, ఏ ఏలు ఇంక మలుస్తలేదో, మబ్బువడితే ఎట్ల గుంజుతదో చెప్పుకుంట పోయింది. అనంతయ్య కలం ఆపి, "చాలమ్మా, చాలు. ఇది వైద్యశాల గాదు" అన్నడు. సాబ్ మాత్రం ఇన్నడు. ఇని, "ఇవన్ని మతికి వట్టుకోని గూడ రావచ్చు. పోయిన జంట గూడ మంచిగనే చెప్పింది. లగ్గం సంగతి చదువు" అన్నడు.

అనంతయ్య అద్దాలు సదురుకొని చదివిండు. "పిల్ల తరఫు సాక్షి మద్దిలేటి చెప్పింది. మేళం లేదు, పందిరి లేదు, పురోహితుడు లేడు. అయినా ఇద్దరు మొగుడుపెండ్లాలే. ఎట్ల అని అడిగితే, అది నేను జెప్పే ముచ్చట గాదు, పిల్ల చెప్పాలె అన్నడు. ఇగ మొగుడు కురుమూర్తి చెప్పింది. మేళమున్నది, పందిరున్నది, అయిదుగురు బాపనయ్యలు వచ్చిన్రు, తెల్ల గుర్రం మీద ఊరేగింపు అయింది."

"గుర్రమా!" అన్నది బాలనాగమ్మ. ఆపుకుందామన్నా ఆగలే.

కురుమూర్తి తల ఇంక కిందికి వంచిండు. పాపం, ఏం జేస్తడు? మేళం ఎన్ని డోళ్లు అని అడిగితే నాలుగన్నడు. బాపనయ్యలెందరంటే, ఒక్కడంటే తక్కువైతదేమోనని అయిదుగురన్నడు. ఊరేగింపు నడిచిన్రా బండ్లనా అంటే, గుర్రం నోట్లకెల్లి దానంతటదే వచ్చింది. అలవాటు లేనోడు అబద్ధమాడితే గిట్లనే ఉంటది.

"ముప్పై ఇండ్ల ఊర్ల తెల్ల గుర్రం" అన్నడు సాబ్. ఈపారి నవ్వలే. "ఇద్దరిల ఒకరిది అబద్ధం. అబద్ధం మొగునిదే. ఇది మూడో జంట. అనంతయ్యా, రాయి. లగ్గం ఝూటా."

అనంతయ్య కలం సిరాల ముంచిండు.

బాలనాగమ్మ ఒకపారి పటేలు దిక్కు చూసింది. చిన్నయ్య కండ్లు పెద్దగ చేసుకొని చూస్తుండు. ఆరేండ్ల నుంచి ఎరిగిన పెండ్లి అట్ల ముక్కలైతుంటే ఎవరికైనా గంతే. ఇంకోపారి మొగుడు దిక్కు చూసింది. ఆయన మొకం దిక్కు గాదు, కాలు దిక్కు. ఎంతసేపు నిలవడ్డడో ఏమో, ఎడమ మడిమె లేపి బరువంత కుడికాలు మీదికి ఏసుకున్నడు. ఆ మడిమె చూసినంక ఆమెకు ఇగ ఆలోచన అక్కర్లేకపాయె.

"ఆగుండ్రి దొరా," అన్నది. "మేళం లేదు. పెద్దయ్య చెప్పిందే నిజం. మాది మారుమనువు."

"బాలనాగూ!" అన్నడు కురుమూర్తి. "సర్కార్, అది భయపడి ఏందో మాట్లాడుతుంది. గుర్రం ఉండె. నేను ఎక్కిన సర్కార్, నేనే ఎక్కిన!"

"నువ్వు జర ఊకో," అన్నది బాలనాగమ్మ. అని సాబ్ దిక్కు తిరిగి మొదటి నుంచి చెప్పింది. తొమ్మిదేండ్ల పెండ్లి, పాము, మిషను దవాఖాన, కులపెద్ద వెట్టిన చీర, పుట్టి, తెల్లారకముందే దాటొచ్చిన ఏరు. ఇసుకల కురుమూర్తి అన్న మాట కాడికి వచ్చినప్పుడే జర ఆగింది. ఆకరికి అది గూడ చెప్పింది.

మద్దిలేటి కట్టె మీద రెండు చేతులు వెట్టి, "ఇగ నేను చెప్పొచ్చు. అంత నిజమే" అన్నడు.

అనంతయ్య గొణిగిండు. "హుజూర్, ఇది మా శాస్త్రం ప్రకారం లగ్గం కిందికే రాదు."

"నీ శాస్త్రం ఇంట్ల వెట్టుకో అనంతయ్యా. మొగుడు పోయినామెకు మల్ల నిఖా చేస్తే మా దాంట్ల పుణ్యం." సాబ్ బాలనాగమ్మ దిక్కు తిరిగిండు. "గని ఇది గూడ ఇంకో అబద్ధం గాదని నాకేం నమ్మకం? మంచి పనే అయితే దాచుడెందుకు?"

తురుక దొరకు పసుపు రోలు సంగతి ఎట్ల సమజ్ అయితది? సాబే అటూ ఇటూ చూసి పటేలును పిలిచిండు. "పటేల్, నువ్వు చెప్పు. ఈమె చెప్పింది నిజమైతే మీ ఊర్ల ఈమెకు ఏమైతది?"

చిన్నయ్య రుమాలు తీసిండు, మల్ల వెట్టుకున్నడు. "ఏమైతది సర్కార్... కొట్టరు, తిట్టరు, ఎలెయ్యరు. పెండ్లిండ్లకు పిలుస్తరు గని పసుపు ముట్టనియ్యరు. వరుసల కూసోనియ్యరు."

"ఇప్పటిదాక కూసుంటుందా?"

"ముందటనే కూసుంటది సర్కార్. నా బిడ్డ పెండ్లికి గూడ ఈమెనే తొలిపేరు."

సాబ్ కాయితాలు సదిరిండు. "లాభం కోసం అబద్ధమాడేటోళ్లను దినాం చూస్త," అన్నడు. "నష్టవోనీకి, అది గూడ సొంత పటేలు ముందట, ఎవరు అబద్ధమాడుతరు? రాయి అనంతయ్యా. లగ్గం నిజమైందే. తీరు, అఖ్దె సాని. అంటే రెండో లగ్గం." అని కురుమూర్తి దిక్కు ఏలు చూపించి, "నీకు మాత్రం జుర్మానా వెయ్యాలె. అయిదుగురు బాపనయ్యలా!" అన్నడు. వెయ్యలే గని తిట్టుడు మాత్రం మస్తు తిట్టిండు.

బాలనాగమ్మ ఏలిముద్ర ఏసింది. పటేలు సాక్షి దస్కత్ చేసిండు. మొహరు వడ్డది. కాయితం మడతవెట్టి చేతికిస్తే రొండిన చెక్కుకున్నది. బైటికొచ్చినంక మద్దిలేటి ఆమె తలమీద చెయ్యి వెట్టి, అవతలి రైలుకు పోయిండు.

వచ్చేటప్పుడు రైలుల కురుమూర్తి కిటికీల మొకం వెట్టుకొని కూసున్నడు. రెండు టేషన్లు దాటినంక, పటేలు ఇనకుండ, "నా నోరు మంచిదైతే నీకు గిట్ల గాకపోవు" అన్నడు. కండ్లల నీళ్లు తిరిగినయి. బాలనాగమ్మకు ఆయన మీద కోపమొచ్చింది, పావురం, అంటే ప్రేమ గూడ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెల్వదు. "గుర్రమెక్కినోనివి, నీకేం తక్కువ," అన్నది. ఆయన నవ్వలే. "ఇగ మట్టిపనికి పోతనంటే మాత్రం నేనే ఆ కాలు ఇరగ్గొడ్త" అన్నది. అప్పుడు జర నవ్విండు.

టేషన్ల దిగి బండి ఎక్కినంక చిన్నయ్య దగ్గిండు. దగ్గి, ఎడ్ల దిక్కు చూసుకుంటనే అన్నడు, "బాలనాగమ్మా, నాకు ఆ కచేరిల చెవులు దిబ్బెడ వడ్డయి. ఎవరేం మాట్లాడిన్రో ఏం ఇనవడలే. దస్కత్ చెయ్యమన్నరు, చేసిన. మా ఇంట్లామెకు గూడ గదే చెప్త. నువ్వు పసుపుకు రా."

కురుమూర్తి గబుక్కున పటేలు చెయ్యి వట్టుకున్నడు. "పటేలా, నీ మేలు మరువ!" అన్నడు. బాలనాగమ్మకు గూడ ఆ ముసలి పటేలు కాళ్లు మొక్కాలనిపించింది. అంత పెద్ద మనసు ఎవరికుంటది? గని ఇంటికొచ్చి పండుకున్నంక నిద్ర రాలే. పటేలుకు తెలుసు. రేపు ఆయన బిడ్డ కాపురంల ఏం జర్గినా, మొగునికి జరమొచ్చినా, కడుపు నిలువకున్నా, పటేలు నోరు తెరువడు గని ఆయన మనసు రోలు దిక్కే పోతది. మూడొద్దులు ఇదే రంధి. ఆరేండ్లు తెల్వనోళ్ల ముందట కూసున్నది. ఇప్పుడు తెలిసినోని ఇంట్ల, ఏం తెల్వని ఆయన పెండ్లాం ముందట కూసోవాలె.

నాలుగో దినం పటేలు ఇంట్ల రోలుకు సున్నం, ఎర్ర జాజు వెట్టి, రోకలికి పసుపుకొమ్ము గట్టిన్రు. ఆడోళ్లు వాకిలంత నిండిన్రు. లక్ష్మీదేవమ్మ ఎదురొచ్చి, "రా బాలనాగమ్మా, నీ కోసమే ఆగినం. తొలి పోటు నీదే," అని రోకలి చేతికిచ్చింది.

బాలనాగమ్మ రోకలి వట్టుకొని నిలవడ్డది.

"అక్కా, జర ఇటు రా," అన్నది. పక్కకు తీస్కపోయి మెల్లగనే చెప్పింది. "నాది మారుమనువు. గద్వాలల సాబ్ ముందట చెప్పిన. పటేలుకు తెలుసు. నీకు చెప్పొద్దన్నడు, నా మీది పావురంతోనే. గని ఎవరో ఎరగని దొరకు కాయితం కోసం చెప్పిన. ఆరేండ్ల నుంచి ఒక్క కంచంల తిన్నదానివి, నీకు జెప్పకుండ నీ బిడ్డ పసుపు నేనెట్ల దంచాలె? ఇగ నువ్వు ఏమంటే గది."

లక్ష్మీదేవమ్మ మొకం తెల్లవోయింది. జరసేపు బాలనాగమ్మ కండ్లల్లకు చూసింది. ఎనకకు తిరిగి వాకిట్ల ఆడోళ్లను చూసింది. అందరు ఇటే చూస్తున్రు. ఆమె చెయ్యి మెల్లగ ముందుకొచ్చి రోకలిని వట్టుకున్నది.

"ఏమనుకోకు," అన్నది. "బిడ్డ పెండ్లి. నా చేతులల్ల లేదు."

"అనుకోను అక్కా."

"ఆ గోడ పక్కకు కూసో. తినకుండ పోతే మాత్రం నా మీద ఒట్టే." రెండడుగులు వేసి, మల్ల ఆగింది. ఇంకెవరికి ఇనవడకుండ, "మా పిల్ల తొలి పురిటికి ఈడికే వస్తది. అప్పుడు నువ్వు వస్తవు గద? ఇంకెవరి చేతులను నమ్మ" అన్నది.

"వస్త అక్కా. ఇగ నాకు సర్కారు జీతం. ఎవరింటికి పిలిచినా పోవాలె."

ఆ మాట అని బాలనాగమ్మ పోయి గోడకు ఒరిగి కూసున్నది. ఆమె జాగల, వాకిట్ల నిలవడ్డ ముత్తైదువ వెంకటమ్మను పిలిచి రోకలి ఇచ్చిన్రు. పాట ఎత్తుకున్నరు. కండ్లు మూసుకున్నా రోకటి పోట్లు ఇనవడుతనే ఉన్నయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆమె లేకున్నా అయిదు సరిపోయినయి.